తాగినవి కడగొద్దు

“తాగినవి కడగొద్దు పిన్నీ, రేపు నేను చెప్పేదాకా.”

ఫోన్‌లో ఉన్నది ఇంతే. ముందూ వెనకా ఇంకో ముక్క లేదు. వదినగారు కళ్లజోడు పైకి తోసి ఒకసారి, కిందికి లాగి ఒకసారి చదివింది. రెండుసార్లూ అదే ఉంది.

“చదివావుగా వదినా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఫోన్ వెనక్కి తీసుకుంటూ. “నిన్న సాయంత్రం ఆరూ పదికి మేడం పంపిన మెసేజ్ ఇది. తాగిన కప్పులు కడగొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అంటే తను తాగే టీ మీద ఆవిడకి నిన్ననే అనుమానం వచ్చిందన్నమాట. ఇవాళ తొమ్మిదీ నలభైకి టీ తాగింది. పదీ పదికి వాంతులు చేసుకుని ఈ ల్యాబులోనే కూలబడింది, ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. టీ పెట్టిందెవరు? పిన్ని. కప్పు కడిగేసిందెవరు? పిన్నే. ఇంకేం కావాలి నీకు?”

“ఇంకేం అక్కర్లేదు. అంతా మరీ శుభ్రంగా ఉంది. అదే నాకు నచ్చలేదు,” అంది వదినగారు.

ఆమె వృత్తి ప్రైవేటు డిటెక్టివు. ఇన్‌స్పెక్టర్ ఆమె సొంత మరిది. పెళ్లయి ఆమె ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి వాడికి తొమ్మిదేళ్లు, చొక్కా గుండీలు పైది కిందికీ కిందది పైకీ పెట్టుకునేవాడు. జ్వరం వస్తే ఆమె కొంగు వదిలేవాడు కాదు. ఇప్పుడు అంత మీసమూ, నడుముకి పిస్తోలూ! ఓసారి స్టేషన్లో నోరు జారి ‘వదినా’ అన్నాడు. కానిస్టేబుళ్లు దానికి ‘గారు’ తగిలించారు. ఇక ఆ పేరే ఖాయమైపోయింది.

“పన్నెండింటికి ఆవిణ్ణి జీపెక్కిస్తాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఈలోగా నీకేమైనా దొరికితే చూపించు. కానీ సాక్ష్యం కావాలి వదినా, మాటలు కాదు. కిందటి కేసులో నీ మాటలు నమ్మి నేను ఎన్ని మెమోలు తిన్నానో నీకు తెలుసు.”

గోడ గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. నలభై అయిదు నిమిషాలు. వదినగారికి కేసు మొదలూ చివరా ఏదీ అంతుబట్టలేదు. ఆమె ఆ మాట పైకి అనలేదు.

పిన్ని గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. పక్కన మహిళా కానిస్టేబుల్. పిన్ని మేడం నడిపే ఈ ల్యాబులో అటెండరు, పదకొండేళ్ల సర్వీసు. వదినగారి పక్క వాటాలో కాపురం. పోలీసులు రాగానే ఆవిడ చేసిన మొదటి ఫోను వదినగారికే.

“నా చేతుల్లో పెరిగినట్టే అమ్మా ఆ పిల్ల. పూసల మేడం, పూసల మేడం అని లోకమంతా అంటుంది, నాకు మాత్రం కూతురే. నేను విషం పెడతానా?” అంది పిన్ని. ఏడ్చి ఏడ్చి గొంతు పూడుకుపోయింది.

“ఏడుపు తర్వాత పిన్నీ. ముందు నాకు ఈ పూసల సంగతి చెప్పు. నా బుర్రకి ఎక్కేలా చెప్పు.”

పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంది. పని మాట వచ్చేసరికి ఆవిడ గొంతు నిలబడింది.

“ఏముందమ్మా, సగ్గుబియ్యం గింజల్లా ఉంటాయి. మామూలుగా తెలుపు. నీళ్లలో వేస్తే, ఆ నీళ్లలో విషపు లోహం ఏదన్నా ఉంటే, దాన్ని పట్టుకుని తమలో దాచేసుకుంటాయి. దాచుకున్న పూస నీలం తిరుగుతుంది. నీళ్లు బాగుపడతాయి. అలా పట్టుకోవడాన్ని ఇక్కడ మేం తాగడం అంటాం. నీలం తిరిగినవి తాగినవి. వాటిని పుల్లటి నీళ్లలో వేసి కడిగితే తాగిందంతా కక్కేసి మళ్లీ తెల్లబడతాయి. అప్పుడు ఓవెన్లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. మేడం తెలివంతా అదే.”

“అయితే ఈ మెసేజ్‌లో తాగినవంటే...”

“కప్పులు కాదమ్మా, పూసలు! ఆ బాబుకి చెప్తే వినడే!”

వదినగారు మరిది వైపు తిరిగింది. వాడు చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు.

“విన్నాను. విని, ఆ తాగిన పూసలేవో చూపించమన్నాను. అడుగు, ఏం చూపించిందో.”

పిన్ని తలదించుకుంది. “సీసాడు నీలం పూసలుండాలమ్మా. మొన్న ఒక కాలవ నీళ్లలో వేసి తీసి, తడిగానే సీసాకెత్తినవి. మేడం వాటిని ఇవాళ మధ్యాహ్నం నీటి శాఖవాళ్లకి అప్పగిస్తానంది. నిన్న ఆరింటికి నేను ఇంటికెళ్లేటప్పుడు రెండో అరలో సీసా నిండా ఉన్నాయి. పొద్దున వచ్చేసరికి ఖాళీ సీసా ఉంది. మేడమే ఎక్కడో భద్రం చేసిందనుకున్నా.”

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని ఊరికే అన్నారా! పిన్ని ఏం చెప్పినా ఆవిడ మెడకే చుట్టుకుంటోంది.

వదినగారు లోపలి గదిలోకి వెళ్లింది. తలుపు మీద పెద్ద అక్షరాలతో ‘పులుపు లోపలికి తేవద్దు’ అని రాసి ఉంది. రెండో అరలో ఖాళీ సీసా ఉంది. వేలు పెట్టి తుడిస్తే అడుగున లేత నీలం మరక. కాబట్టి నీలం పూసలు ఉన్న మాట నిజం. కిటికీ పక్క ఓవెన్, బీరువా అంత ఎత్తు. తెరిచి ట్రే మీద చెయ్యి వేసింది, ఇంకా గోరువెచ్చగా ఉంది. దాని పక్కన ‘కొత్తవి’ అని చీటీ అంటించిన బుట్ట. అందులో జాలీ సంచులు, ఒక్కోటీ అరచేతిలో సగం. ప్రతి సంచిలోనూ ఎండిన పూసలు రవ్వలా తెల్లగా గలగలమంటున్నాయి.

“వీటిని ఏం చేస్తారు?” గుమ్మంలోంచి అడిగింది.

“నీళ్ల సీసాల్లో వేలాడదీస్తామమ్మా. ఇక్కడ అందరి ఫ్లాస్కుల్లోనూ ఒకటి ఉంటుంది. రోజూ పొద్దున నేనే ఓవెన్లోంచి తీసి సంచులకెత్తుతాను. ఇవాళ ఎనిమిదీ ఇరవైకి ఎత్తాను. ఇరవై సంచులయ్యాయి.”

వదినగారు లెక్కపెట్టింది. పద్దెనిమిది ఉన్నాయి.

“ఒకటి మేడం తన ఫ్లాస్కుకి తీసుకుంది, వచ్చీరాగానే, ఎనిమిదీ యాభైకి,” అంది పిన్ని.

“మరి రెండోది?”

“రెండోది నేను తీశానండీ,” అంటూ చిన్నసారు వచ్చాడు. మేడం తర్వాత ఇక్కడ ఆయనే. పలచటి మనిషి, మాటకి ముందు ఒక నవ్వు. చేతిలో ట్రే, దాని మీద జగ్గు, మూడు గ్లాసులు. “ఎండన పడి వచ్చారు. నా గదిలో కూర్చుని కాస్త నిమ్మకాయ నీళ్లు తాగండి. పులుపు ఈ గదిలోకి రాకూడదు గానీ నా గదిలో ఫర్వాలేదు.”

జగ్గులోంచి ఒక దారం వేలాడుతోంది. దారం చివర జాలీ సంచి. ఆయన దాన్ని పైకెత్తి చూపించాడు.

“చూశారా, మల్లెమొగ్గల్లా ఉన్నాయి. తెలుపంటే మంచినీళ్లని అర్థం. నిశ్చింతగా తాగండి.”

ఆయన గది బయటివైపు ఉంది. గ్లాసులు నిండాయి. వదినగారికి పులుపు చూస్తేనే పళ్లు జివ్వుమంటాయి. తన గ్లాసు మరిది ముందుకి జరిపింది. వాడు ముందు తనది గటగటా తాగి, తర్వాత ఆమెదీ అందుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే, వదిన కంచంలోది వాడికి ఎప్పుడూ రుచే. చిన్నసారు సగం గ్లాసు తాగి మూతి తుడుచుకున్నాడు.

“చిన్నసారూ, మేడం ఫ్లాస్కు పరీక్ష చేసింది మీరేనట?”

“పరీక్షంటూ ఏముందండీ, ఇన్‌స్పెక్టరుగారి ముందే తెరిచాను. నీళ్లయిపోయాయి, సంచి మిగిలింది. పూసలు తెల్లగా ఉన్నాయి. అంటే ఆ నీళ్లలో విషం లేదు. అందుకే టీలో ఉండాలన్నాను. పిన్నిని నేనేం అనలేదు సుమండీ.”

“నిన్నటి సీసా సంగతి?”

“ఏ సీసా?”

“నీలం పూసల సీసా.”

“ఈ వారంలో నీలం తిరిగిన పూసలే లేవండీ ఇక్కడ.” నవ్వు మాటకి ముందు రాలేదు, వెనకాల వచ్చింది. “పిన్ని పెద్దావిడ, పొరబడి ఉంటుంది.”

బల్ల మీద ఆయన ఫోను మోగింది. ‘తోడల్లుడు’ అని కనిపించింది. ఆయన నొక్కేశాడు. మళ్లీ మోగింది, మళ్లీ నొక్కేశాడు.

“ఎత్తండి, ఏమవసరమో ఏమో.”

“అబ్బే, ఫ్యాక్టరీ గొడవలు. ఎప్పుడూ ఉండేవే.”

“ఏం ఫ్యాక్టరీ?”

“లోహాలకి పూత వేసే ఫ్యాక్టరీ లెండి. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు,” అన్నాడాయన. సంబంధం ఉందని ఎవరూ అనలేదు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఇదే కాబోలు.

వదినగారు లేచి పిన్ని దగ్గరికి వచ్చింది. పదకొండూ ముప్పై ఎనిమిది. ఆమె తలలో అన్నీ ఉన్నాయి, ఏదీ దేనికీ అతకడం లేదు. ఈయన సీసా దాచాడు, సరే. దాచినవాడు మేడంకి విషం ఎలా పెట్టాడు? ఫ్లాస్కులో పెడితే పూసలు నీలం తిరగాలి. టీలో పెట్టడానికి ఆ వేళలో ఆయన లోపలి గదిలో అడుగే పెట్టలేదు, తొమ్మిది నుంచి పది దాకా తన గదిలో ఫోన్లోనే ఉన్నాడని ఇద్దరు గుమస్తాలు చెప్పారు. పోనీ పిన్ని...? ఛీ, ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకి తన మీద తనకి అసహ్యం వేసింది.

“పిన్నీ, పొద్దుటి నుంచీ మేడం ఏం తిన్నది, ఏం తాగింది, ఏమన్నది, ఒక్క ముక్క వదలకుండా చెప్పు.”

“ఏం తినలేదమ్మా. మూడు రోజులుగా గొంతు పట్టేసింది, మాట పెగలడమే కష్టంగా ఉంది. అందుకే మెసేజ్‌లు పెడుతోంది. ఫ్లాస్కులోది తాగుతూ కాగితాలు చూసుకుంది, ఆ చిన్నసారు గది పక్క వరండాలో. తొమ్మిదిన్నరకి లోపలికొచ్చింది. టీ ఇచ్చాను. సగం తాగి పెట్టేసింది. ‘నోట్లో ఇనప మేకు పెట్టుకున్నట్టుంది పిన్నీ’ అంది. టీ బాగాలేదేమో అని కప్పు కడిగేసి ఇంకో టీ పెట్టబోయాను. అంతే... అంతలోకే...”

“ఇనప మేకు అన్నది టీ తాగాకా, తాగకముందా?”

 “తాగకముందే అందమ్మా. అందుకే వేడిగా టీ ఇవ్వమంది!”

“ఈ మాట ముందే చెప్పొచ్చుగా!”

“ఎవరడిగారు?”

ఇన్‌స్పెక్టర్ వెనకే వచ్చి విన్నాడు. “బాగుంది. ఇప్పుడు గుర్తొచ్చిందన్నమాట. వదినా, నువ్వు మాటలు అందిస్తున్నావు, ఆవిడ అప్పజెప్తోంది.”

“ఒరేయ్, నీకు తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు!” అనేసింది వదినగారు. అనేశాక తనే ఆగిపోయింది. తెల్లనివన్నీ. ఆ మాట ఆమె చెవిలోనే ఇంకోసారి మోగింది.

“మేడం ఫ్లాస్కు సంచి ఏదీ?”

ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూ కవరు తీసిచ్చాడు. ఆమె దాన్ని కిటికీ వెలుగులో పెట్టింది. తెల్ల పూసలు. జాలీ మడతలో ఇరుక్కుని ఒక గింజ ఉంది, పూస కాదు. కోలగా, ఒక కొన మొనదేలి. నిమ్మ గింజ.

“పిన్నీ, మేడం ఫ్లాస్కులో ఏం తెచ్చుకుంది?”

“నిమ్మకాయ నీళ్లే అమ్మా, గొంతుకని. అందుకేగా వరండాలో కూర్చుని తాగింది, లోపలికి పులుపు తేకూడదని తనే బోర్డు పెట్టి తనే ఎలా తెస్తుంది?”

“పులుపులో పూసలు ఏం చేస్తాయి?”

“తాగినవైతే కక్కేస్తాయి. కొత్తవైతే ఏమీ చేయవు, కక్కడానికి ఏముంటేగా. ఇవి కొత్తవేగా.”

“కొత్తవేనా?”

“నేనే ఎత్తానమ్మా! నిన్న సాయంత్రం పన్నెండు సంచులకి సరిపడా పూసలు ఓవెన్లో పెట్టి వెళ్లాను. పొద్దున తీసి...” పిన్ని ఆగింది. వేళ్లు మడుస్తూ లోపల లెక్క చూసుకుంది. “ఇరవై అయ్యాయి.”

“పన్నెండు సంచుల పూసలు రాత్రికి రాత్రి ఇరవై సంచులు ఎలా అయ్యాయి పిన్నీ? పిల్లలు పెట్టాయా?”

 పిన్ని మొహంలో రక్తం దిగిపోవడం వదినగారు చూసింది.

ఆమె బుట్టలోంచి ఒక సంచి తీసి, గాజుగ్లాసులో మామూలు నీళ్లు పట్టి, అందులో వదిలింది. చిన్నసారు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.  ఒక నిమిషం ఏమీ కాలేదు. ఇన్‌స్పెక్టర్ గడియారం వంక చూసి నోరు తెరవబోయాడు. అప్పుడు కనిపించింది, తెల్ల పూసల మధ్య ఒక నీలం చుక్క. పక్కనే ఇంకోటి. చూస్తుండగానే మూడో వంతు పూసలు నీలం తిరిగాయి.

“కుళాయి నీళ్లలో విషముందా ఏంటి?” అన్నాడు ఇన్‌స్పెక్టర్, తెల్లబోయి.

“ఉంటే అన్నీ తిరగాలి బాబూ. ఇవి ముందే తాగినవి.” పిన్ని గొంతు పీలగా వచ్చింది. “ఎండితే ఏ పూసైనా తెలుపే. తడిస్తేనే దాని అసలు రంగు. నీలం సీసా ఎవరో నా ట్రేలో గుమ్మరించి ఆరబెట్టారు. నేను కొత్తవనుకుని... అయ్యో, నా చేతుల్తోనే ఎత్తానమ్మా! నా చేతుల్తోనే బుట్టలో పెట్టాను!”

“తెల్లవాటిలో తెల్లవి కలిపేస్తే ఎవరు పట్టుకుంటారు?” వదినగారు చిన్నసారు వైపు తిరిగింది. “మంచి చోటే చూశారు. పొద్దున వచ్చి వాటిని తీసుకెళ్లిపోదామనుకున్నారు. మీ తోడల్లుడి ఫ్యాక్టరీ కాలవ నీళ్లకి అదొక్కటే రుజువు. కానీ పిన్ని ఎనిమిదీ ఇరవైకే వచ్చి సంచులకెత్తేసింది. మీరెన్నింటికి వచ్చారు?”

చిన్నసారు పెదవులు కదిలాయి. మింగలేక, కక్కలేక ఒక క్షణం నిలబడ్డాడు. “ఎనిమిదీ యాభై అయిదుకి... ట్రే ఖాళీగా ఉంది. పిన్ని ట్రేలోవన్నీ పారబోసి వేరేవి ఎత్తిందేమో అనుకున్నాను. పీడ వదిలిందనుకున్నాను. నేను దాచానండీ, అంతే! చంపాలని కలలో కూడా అనుకోలేదు! ఈ సంచుల్లో అవే ఉన్నాయని నాకు తెలిస్తే నేనెందుకు...”

మధ్యలో ఆగిపోయాడు. చెయ్యి గొంతు మీదికి వెళ్లింది.

ఇన్‌స్పెక్టర్ ఇంకా ఒప్పుకోలేదు. “ఉండు వదినా, నాకు అయోమయంగా ఉంది. నీళ్లలో వేస్తే నీలం తిరుగుతున్నాయి కదా. మేడం ఫ్లాస్కులోవి తెల్లగా ఉన్నాయే? ఈయన చెప్పిందీ అదేగా, తెలుపంటే మంచివని. నాకు సాక్ష్యం...”

వదినగారు చిన్నసారు గదిలోకి వెళ్లి జగ్గు తెచ్చింది. అడుగున నాలుగు గుక్కలు మిగిలి ఉన్నాయి. పులుపు లోపలికి తేవద్దన్న బోర్డు దాటి నడిచి, ఆ నాలుగు గుక్కలూ నీలం పూసల గ్లాసులో పోసింది. నీలం అంచుల నుంచి పలచబడింది. చుక్క చుక్కగా వెళ్లిపోయింది. మళ్లీ అన్నీ తెలుపు. మల్లెమొగ్గల్లా.

“కక్కేశాయి,” అంది పిన్ని, ఎవరికో కాదు, తనలో తనే.

అప్పుడు వదినగారి కళ్లు ఆ జగ్గు మీద పడ్డాయి. జగ్గులోంచి వేలాడుతున్న దారం మీద. దారం చివర ఆ బుట్టలోంచే వచ్చిన సంచి మీద. పందొమ్మిదోదో, ఇరవయ్యోదో.  ఇంతసేపూ కలవని ముక్కలన్నీ ఇప్పుడు కలిశాయి. ఇలా కలవకుండా ఉంటేనే బాగుండును దేవుడా అనిపించింది.

ఇన్‌స్పెక్టర్ నాలుక చప్పరించుకుంటున్నాడు. మీసం కింద చెమట పట్టింది.

“వదినా,” అన్నాడు, గొంతు తగ్గించి. ఆ గొంతు తొమ్మిదేళ్లవాడిది. “నోట్లో ఏదో... ఇనప మేకు పెట్టుకున్నట్టుంది.”

రెండు గ్లాసులు. ఒకటి వాడిది. రెండోది ఆమె తన చేత్తో వాడి ముందుకి జరిపింది.

“చిన్నసారూ, ఆ కాలవలో ఉన్నదేంటి? పేరు చెప్పండి! ఆసుపత్రిలో ఆ పిల్లకి ఏం మందెయ్యాలో తెలీక డాక్టర్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు!”

“కాడ్మియం,” అన్నాడాయన, గోడకి ఆనుకుని. “కాడ్మియం... నేనూ తాగాను. నేనూ తాగానండీ.”

మహిళా కానిస్టేబుల్ ఆయన్ని రెక్క పట్టుకుంది. గడియారం పన్నెండుకి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

“పొద్దుటి నుంచీ సాక్ష్యం, సాక్ష్యం అన్నావు కదరా నాన్నా,” అంది వదినగారు, మరిది భుజం కింద చెయ్యి వేసి లేపుతూ.  “నీ కడుపులోనే ఉంది. పద.”

వాడు రెండడుగులు వేసి కడుపు పట్టుకుని వంగిపోయాడు. రెండో వైపు నుంచి ఎవరో వాడి నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నారు. పిన్ని.

“నా మీద వాలు బాబూ, సిగ్గుపడకు,” అంది ఆవిడ.

పన్నెండింటికి ఆవిడ కోసం సిద్ధంగా ఉంచిన జీపు తలుపు ఆవిడే తీసింది.